మాస్టారి అప్పుల చిట్టా

మృదంగం ఎడమ మూతికి రవ్వ ముద్ద పెడతారు. బొంబాయి రవ్వ నీళ్ళతో పిసికి, కచేరీకి ముందు అద్ది, అయ్యాక గీకేస్తారు. ఎంత గీకినా తోలుని పట్టుకుని కాస్త మిగులుతుంది. అది పులిసి, ఎండి, తోలువాసనతో కలిసి అదో రకం వాసన వేస్తుంది. ఇప్పటి కుర్రాళ్ళు దాని బదులు ఏదో రబ్బరులాంటి ముద్ద అంటిస్తున్నారు. వాసనా లేదు, గీకే పనీ లేదు. మొన్న చెన్నై సాలిగ్రామంలో మా మృదంగం మాస్టారింట్లో ఓ గుడ్డసంచీ మూతి విప్పగానే ఆ పాత వాసన గుప్పుమంది.

మాస్టారు పోయి అప్పటికి నెల దాటింది. మాసికం భోజనాలయ్యాక ఆయన భార్య పిన్నిగారు ఆ సంచీ అటక మీంచి దింపించారు. "నీకేమన్నా పనికొస్తాయేమో చూసుకో నాయనా, మిగతావి ఎవరికన్నా ఇచ్చేస్తాను" అన్నారు.

లోపల శ్రుతి సరిచేసుకునే రాయి, కర్రముక్క, పాతిక ముప్పై క్యాసెట్లు, అడుగున పొడుగాటి నోటుపుస్తకం. అట్ట మీద ఎర్రసిరాతో "అప్పులు" అని ఉంది. గుండె గుభేలుమంది. పిన్నిగారికి తెలియకుండా ఏమన్నా మిగిల్చిపోయారేమో అనుకున్నాను. తెరిచి చూస్తే నాలుగు గళ్ళు గీసి ఉన్నాయి. తేది, పేరు, వస్తువు, వచ్చింది. వస్తువు గడిలో ఎక్కడా రూపాయి మాట లేదు. "ఓలేటి, 90 క్యాసెట్టు, రెండువైపులా." "కృష్ణాతీరం, అట్ట చిరిగినది." "ద్వారం వారి ప్లేటు 1." తిరిగొచ్చినవాటికి చివరి గడిలో టిక్కు. టిక్కుల కంటే ఖాళీలే ఎక్కువ.

* * *

కిందటి వేసవిలో అమెరికా టూరుకి వెళ్ళినప్పుడు మా బృందంలో పాడే అమ్మాయి, వ్యాన్‌లో వెనకసీట్లోంచి వంగి ఫోను నా మొహానికి అడ్డంపెట్టింది. "అంకుల్, ఇప్పుడు మీ ఫేవరెట్స్ చెప్పండి. అయిదు పాటలు, అయిదు సినిమాలు, అయిదు పుస్తకాలు. ముప్పై సెకన్లే!" అంది. నలభై ఏళ్ళుగా వయొలిన్ పెట్టె భుజాన వేసుకుని ఊళ్ళు తిరుగుతున్నవాణ్ణి, అయిదు పాటల పేర్లు నోటికి రాలేదు. ఏదో నసిగాను. ఆ వీడియో చూసినవాళ్ళంతా నన్ను వదిలేసి, నా పక్కన నోరు తెరుచుకుని నిద్రపోతున్న మా ఫ్లూటు ఆయన్ని చూసి నవ్వుకున్నారట. అదే నయమైంది.

చిట్టా తిరగేస్తుంటే ఎందుకు రాలేదో తెలిసింది. నాకిష్టమైనవాటిలో నేనుగా ఏరుకున్నవి బహుతక్కువ. ఎవరో ఒకరు "వారంలో ఇచ్చెయ్యాలి సుమా" అని చేతిలో పెట్టినవే అన్నీ. ఎవరిచ్చారు, ఏ ఊళ్ళో ఇచ్చారు అని చెప్పకుండా పాట పేరొక్కటీ చెప్పమంటే నావల్ల కాదు. అందుకు ముప్పై సెకన్లు ఏం చాలుతాయి?

ఆ మాటకొస్తే నా మొదటి పాట కూడా ఎరువు పాటే. నర్సాపురంలో మా ఇంట్లో రేడియో ఉండేది కాదు. పొద్దున్నే విజయవాడ కేంద్రం భక్తిరంజని పక్కింటివాళ్ళ కిటికీలోంచి మా అరుగు మీదకి వచ్చేది. బాలమురళిగారి గొంతులో రామదాసు కీర్తన వస్తుంటే మా నాన్న పళ్ళు తోముకోవడం ఆపేసి వేపపుల్ల నోట్లోనే పెట్టుకుని నిలబడేవాడు. పక్కింటివాళ్ళతో గోడ దగ్గర తగాదా వచ్చిన ఏడాది వాళ్ళు ఆ కిటికీ మూసేశారు. గోడ పోయినందుకు కాదుగానీ, కిటికీ మూసినందుకు మా నాన్న చాలా రోజులు బాధపడ్డాడు.

* * *

మద్రాసు దిగేనాటికి నాకు ఇరవై నిండలేదు. కోడంబాకంలో పాటల రికార్డింగులుండేవి. పొద్దున్న ఏడింటికి కాల్‌షీటు. వయొలిన్లు వరసలు వరసలుగా కూర్చునేవి. నేను చివరి వరసలో, స్తంభం పక్కన. స్టాఫ్ నొటేషన్, అంటే పాశ్చాత్య సంగీతలిపి, చదవగలిగినవాళ్ళు ముందు, నాలాగా సరిగమలు రాసుకునేవాళ్ళు వెనక. వాయిస్తున్నది ఏ సినిమాకో సగంసార్లు తెలిసేదే కాదు. తర్వాత కీబోర్డు వచ్చి ఆ వరసల్ని ఒక్కొక్కటే ఖాళీ చేసింది. తెలుగు సినిమా హైదరాబాదు వెళ్ళిపోయింది. అప్పటిదాకా రికార్డింగు లేని రోజుల్లో మాత్రమే పోయే కూచిపూడి బృందమే నాకు అన్నమైంది.

మృదంగం మాస్టారు ఆ బృందంలో పెద్ద. పన్నెండు మందిమి రైలెక్కితే పదమూడు బెర్తుల సామాను ఉండేది. మృదంగాలు కింద బెర్తు మీద దుప్పటి కప్పుకుని పడుకునేవి, మాస్టారు రెండు బెర్తుల మధ్య నేల మీద. ఎవరన్నా "అదేంటండీ" అంటే "దానికి చలి చేస్తే రేపు పలకదు, నేను పలకడానికి కాఫీ చాలు" అనేవారు. ఆ కాఫీ గూడూరులోనే తాగాలి. ముందు స్టేషన్లో దొరికినా తాగనిచ్చేవారు కాదు.

రైలు రాత్రికైతే మమ్మల్ని మధ్యాహ్నమే సెంట్రల్‌కి రమ్మనేవారు. ఒకణ్ణి సామాను దగ్గర కాపలా పెట్టి, మిగతావాళ్ళని పక్కనున్న మూర్ మార్కెట్‌కి తీసుకుపోయేవారు. ఎర్ర కట్టడం, లోపల సందులు, సందు సందుకీ పాత పుస్తకాలు, గ్రామఫోను ప్లేట్లు, పక్కనే పంజరాల్లో చిలకలు, కుందేళ్ళు. మాస్టారు ప్లేటుని రెండరచేతుల మధ్య అంచులు పట్టుకుని ఏటవాలుగా ఎండకి పెట్టి చూసేవారు. గీత పడితే మెరుస్తుంది. బీటు పడిందేమోనని వేలి గోరుతో అంచు మీద టక్కుమనిపించి వినేవారు, కుండ కొన్నట్టు.

ఆ మార్కెట్టు 1985లో తగలబడిపోయింది. మేం అప్పుడు ఊళ్ళో లేం, పేపర్లో చూశాం. మాస్టారు ఆ రోజు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత అక్కడ రైల్వేవాళ్ళు కట్టడాలు లేపారు. లోకల్ రైళ్ళు బయల్దేరే ఆ స్టేషన్ని ఇప్పటికీ మూర్ మార్కెట్ కాంప్లెక్స్ అనే అంటారు. గుమ్మిడిపూండి లోకల్ ఎక్కేవాళ్ళకి ఆ పేరెందుకో తెలియాల్సిన పని లేదనుకోండి.

* * *

అక్కడ కొన్నదే ద్వారం వారి ప్లేటు. ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిన్, 78 స్పీడుది, ఒక్కోవైపు మూడున్నర నిమిషాలు. తమాషా ఏమిటంటే మాస్టారికి గ్రామఫోను పెట్టె లేదు. ప్లేటుంది, పెట్టె లేదు. లక్కతో చేసిన ప్లేటు కదా, చెయ్యి జారితే పెంకులే. దాన్ని రెండు పంచెల మధ్య చుట్టి టూరుకి తెచ్చేవారు. ఏ ఊళ్ళో ఎవరింట్లో భోజనానికి పిలిచినా వడ్డన కాకముందే "మీ ఇంట్లో గ్రామఫోను ఉందా అండీ" అని అడిగేవారు. లేకపోతే ఉన్నవాళ్ళ ఇల్లెక్కడని అడిగేవారు. మాకు సిగ్గుగా ఉండేది.

చివరికి విజయనగరంలో దొరికింది. దొరకాల్సిన ఊరే. నాయుడుగారు 1919 నుంచీ అక్కడి సంగీత కళాశాలలో పాఠాలు చెప్పారు, 1936లో దానికి ప్రిన్సిపాల్ అయ్యారు. కోట దగ్గర ఓ రిటైరైన మాస్టారి ఇల్లు. ఆయన ముల్లు మార్చి, కీ ఇచ్చి, ప్లేటు పెట్టాడు. ముందు కాసేపు పెనంలో నూనె చిటపటలాడినట్టు చప్పుడు. తర్వాత వయొలిన్ కమాను ఒక చివర మొదలై ఇంకో చివరకి పోతూనే ఉంది. నేను అన్ని స్వరాలకి నాలుగుసార్లు కమాను మార్చేవాణ్ణి. ఆయన ఒక్క లాగులో, ఎక్కడా తెగకుండా, చివరికొచ్చేసరికి మొదట్లో ఉన్నంత నిండుగా! కళ్ళు సరిగా కనపడని మనిషి, చేతితోనే చూసేవాడేమో. మొత్తం ఏడు నిమిషాల ప్లేటుని ఇంటాయన విసుక్కునేదాకా వేయించాం. మర్నాడు కచేరీలో నేను పొడుగు కమాను లాగబోయి నట్టువాంగం చేసే ఆయన మోచేతికి పొడిచాను.

ఇప్పుడు అవన్నీ ఫోన్లో ఉన్నాయి. వారానికోసారైనా ద్వారం వారిని వింటూ ఉత్త కుడిచెయ్యి ఆడిస్తాను. మా ఆవిడ "విసనకర్ర ఏదండీ" అంటుంది.

ఇంకొకటి వయొలిన్‌దే. ఇళయరాజా 1986లో 'హౌ టు నేమ్ ఇట్' చేశారు. త్యాగరాజస్వామికీ, జర్మన్ సంగీతకారుడు బాక్‌కీ అంకితం. వయొలిన్ వి.ఎస్. నరసింహన్‌గారు. ఆ క్యాసెట్టు నాకు మాస్టారు ఇచ్చింది కాదు, నేను మాస్టారికిచ్చింది. చిట్టాలో ఎదురు అప్పు కింద వేరే పేజీలో రాసి ఉంది. విని, "బావుందోయ్, కాని మృదంగం వాడికి పని తక్కువ" అన్నారు. తిరిగి మాత్రం ఇవ్వలేదు. ఆ గడి కూడా ఖాళీయే. న్యాయమైన మనిషి.

* * *

ఓలేటి క్యాసెట్టు సంగతి చెప్పాలి. ఇది నా తప్పు.

ఓలేటి వెంకటేశ్వర్లుగారు విజయవాడ రేడియోలో పనిచేశారు. బజారులో ఆయన ప్లేట్లు వెతుక్కుంటే దొరికేవి కావు. రేడియోలో వచ్చినప్పుడు ఎవరో పట్టుకున్న క్యాసెట్టు నుంచి ఇంకొకరు, దాన్నుంచి మరొకరు ఎక్కించుకునేవారు. మాస్టారి దగ్గరున్నది ఎన్నో తరం కాపీయో, గొంతు వెనకాల వాన కురుస్తున్నట్టుండేది. దాన్ని నాకు గుంటూరు టూరులో ఇచ్చారు. లాడ్జిలో రాత్రి నా టూ-ఇన్-వన్‌లో పెట్టుకుని విన్నాను. బర్మా బజారులో బేరమాడి కొన్న పెట్టె అది, దాని మీద నాకు మహా నమ్మకం. కరెంటు తగ్గుతూ పెరుగుతూ ఉంది. ఉన్నట్టుండి గొంతు సాగి, బొంగురుపోయి, ఆగిపోయింది. మూత తెరిస్తే టేపు రోలరుకి చుట్టుకుని గోధుమరంగు సేమ్యాలా బయటికొచ్చింది.

తెల్లారేదాకా కూర్చున్నాను. పెన్సిలు పెట్టి తిప్పుతూ చుట్టినంత చుట్టాను. నలిగిన ముక్క ఒకటి జానెడుంది, ముడతలు వేలితో ఎంత సాపు చేసినా పోవు. భామాకలాపంలో సత్యభామ వేసే అమ్మాయి గది తలుపు కొట్టి బ్లేడూ గోళ్ళరంగూ అడిగాను. ఆ వేళప్పుడు నన్ను ఎగాదిగా చూసి ఇచ్చింది. నలిగిన జానెడూ కోసేసి, రెండు కొసలూ ఒకదాని మీదొకటి మిల్లీమీటరు పెట్టి, గోళ్ళరంగు చుక్క వేసి, ఊపిరి బిగపట్టి ఆరబెట్టాను. క్యాసెట్టులో టేపు సెకనుకి రెండంగుళాలకి కాస్త తక్కువగా నడుస్తుంది. జానెడంటే అయిదు సెకన్లు. ఆదితాళం కీర్తనలో సరిగ్గా సగం ఆవర్తనం, అంటే ఎనిమిది లెక్కల తాళం చుట్టులో నాలుగు, ఎగిరిపోయింది. చుట్టు మొదట్లో లఘువు వేస్తుంటే అకస్మాత్తుగా తర్వాతి భాగమైన ద్రుతంలోకి దూకుతుంది.

మాస్టారికి చెప్పే ధైర్యం లేక అలాగే ఇచ్చేశాను. ఆయన చిట్టాలో టిక్కు పెట్టారు. నెల తర్వాత, రైల్లో, ఎటో చూస్తూ "ఒరేయ్, ఓలేటి వారు తాళం తప్పడం నేనెప్పుడూ వినలేదు" అన్నారు. అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆ క్యాసెట్టుకి నేనూ ఒక కాపీ తీసుకున్నాను, అతుకుతో సహా. ఏళ్ళ తరబడి అదే విన్నాను. ఈ మధ్య ఎవరో పుణ్యాత్ముడు అదే రికార్డింగు పూర్తిగా ఉన్నది పంపించాడు. వింటుంటే ఆ చోటు రాగానే నా చెయ్యి తడబడుతుంది.

* * *

సినిమాల గురించి ఎక్కువ చెప్పను. 'మేఘసందేశం' అందరికీ ఇష్టమే. 1982లో వచ్చింది, రమేష్‌నాయుడుగారికి జాతీయ అవార్డు తెచ్చింది. ఏసుదాసుకీ సుశీలమ్మకీ కూడా. ఇప్పటికీ ఆషాఢంలో మబ్బు పడితే మా ఇంట్లో ఆ పాటలే.

నన్ను పట్టుకుని వదలని సినిమా మాత్రం బెంగాలీది, 'జల్సాఘర్', సత్యజిత్ రాయ్ 1958లో తీసింది. నాగపూర్‌లో కచేరీ లేని ఓ ఆదివారం మధ్యాహ్నం, హోటలు ముందు గదిలో దూరదర్శన్‌లో వేశారు. రిసెప్షన్ కుర్రాడు క్రికెట్ పెడతానని లేచాడు, మాస్టారు కూర్చోబెట్టారు. ఆస్తంతా పోయిన జమీందారు. ఆఖరి డబ్బుతో నాట్యం పెట్టిస్తాడు. కొత్తగా డబ్బుచేసిన పొరుగువాడు బహుమానం ఇవ్వబోతాడు. జమీందారు చేతికర్ర వంపుతో వాడి చెయ్యి పట్టి ఆపుతాడు. ముందు ఇచ్చే హక్కు ఇంటి యజమానిది. ఆ కర్ర వంపు చూసి మాస్టారు తొడ మీద చరుచుకున్నారు. నాకేమో, ఇచ్చేవాళ్ళిద్దరూ కొట్లాడుకుంటుంటే కింద కూర్చుని వాయిస్తున్న వాద్యగాళ్ళకి చివరికి ఎంత ముట్టిందో అనిపించింది. అదే నెలలో ఓ ఊరి నిర్వాహకులు మా పారితోషికం కింద శాలువలు కప్పి పంపించారు. పన్నెండు శాలువలు. మాస్టారు వాటిని మృదంగాలకి చుట్టారు.

* * *

పుస్తకాల విషయంలో మాస్టారు మొండి. కొత్తవి కొనేవారు కాదు, ఎవరన్నా చదివినవే కావాలి. "ఒకడు చదివి పారెయ్యలేదంటే అందులో ఏదో ఉన్నట్టు" అనేవారు. పానగల్ పార్కులో ఓ చెట్టు చూపించి, మల్లాది రామకృష్ణశాస్త్రిగారు సాయంత్రాలు ఇక్కడే కూర్చునేవారట అని, ఆయన రాసిన 'కృష్ణాతీరం' చేతికిచ్చారు. తిండి గురించి అంత కమ్మగా రాసిన పుస్తకాన్ని మెస్సు సాంబారు తింటూ చదవడం శిక్ష. అది మర్యాదగా తిరిగిచ్చాను. చలం 'మ్యూజింగ్స్' న్యూజెర్సీలో మేం దిగిన ఇంటావిడ ఇచ్చింది, వాళ్ళ బేస్‌మెంట్లో చీరల పెట్టెల వెనక తెలుగు పుస్తకాల అలమరా ఉంది. వచ్చాక పోస్టులో పంపాను. పుస్తకం ఖరీదు కంటే స్టాంపుల ఖరీదు ఎక్కువైంది.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' మాత్రం ఇవ్వలేదు. ఇంటినిండా వేదం, సంస్కృతం ఉంటే, ఇంట్లోవాళ్ళు వద్దన్న తెలుగు పట్టుకున్న మనిషి కథ. చదువుతుంటే గోదావరి జిల్లా పెద్దాయనెవరో అరుగు మీద కూర్చుని, మధ్యలో ముక్కుపొడుం పీల్చి, మళ్ళీ ఎత్తుకుని చెబుతున్నట్టుంటుంది. విదేశాల్లో నిద్రపట్టని రాత్రి ఎక్కడ తెరిచినా అక్కణ్ణుంచి నాలుగు పేజీలు. నా తెలుగు చచ్చిపోకుండా ఉంటే దాని వల్లే.

చిట్టా మూడో పేజీలో నా పేరు. "శ్రీపాద, జ్ఞాపకాలు. అబ్బాయికి. వారం." చివరి గడి ఖాళీ.

* * *

తర్వాతి ఆదివారం పుస్తకం తీసుకుని మళ్ళీ వెళ్ళాను. పిన్నిగారు వీధిగదిలో వాలుకుర్చీలో ఉన్నారు. శుక్లాలు తీయించుకోవాలి, వాయిదా వేస్తున్నారు. పుస్తకం తడిమి చూసి, మధ్యలో ఉన్న పాత అట్టరైలుటిక్కెట్టు బయటికి తీసి, "ఏ ఊరిది?" అన్నారు. అక్షరాలు చెరిగిపోయాయి, నాకూ కనబడలేదు.

"చదవలేను నాయనా. వినడమైతే వింటాను" అన్నారు.

సంచీలో చిన్న స్పీకరుంది, దాని మెమరీ కార్డులో ఓలేటి వారున్నారు. పెట్టాను. ఆవిడ కుర్చీ చెక్క మీద వేళ్ళతో తాళం వేస్తూ కళ్ళు మూసుకున్నారు. మాస్టారింట్లో నలభై ఏళ్ళు వంట చేస్తూ విన్న చెవి, తప్పదు. పల్లవి వచ్చింది. నేను నా చేతిని తొడ మీద గట్టిగా నొక్కి పట్టుకున్నాను. ఆ చోటు రాగానే ఆవిడ వేలు గాల్లో ఆగిపోయింది. కళ్ళు తెరిచారు.

"ఇదేంటీ, ఇక్కడేదో ఎక్కువైందేం?"

నేను చెప్పాను. గుంటూరు, లాడ్జి, సత్యభామ గోళ్ళరంగు, అన్నీ. పిన్నిగారు కొంగు నోటికడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వారు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదట్నుంచి పెట్టమన్నారు. రెండోసారీ అక్కడే ఆగారు.

లేవబోతుంటే స్పీకరు వైపు చెయ్యి చూపించారు. "అది ఉంచి వెళ్ళు. మళ్ళీ ఆదివారం పట్టుకెళ్దువుగాని. ఆ అప్పుల పుస్తకం తియ్యి, ముందు నీది టిక్కు పెట్టు."

పెట్టాను. కింద కొత్త గీత మీద తేది వేసి, పేరు గడిలో "పిన్నిగారు" అని, పక్కన "స్పీకరు 1, మెమరీ కార్డు 1" అని రాసి చదివి వినిపించాను.

"ఛార్జరు కూడా రాయి" అన్నారు. "తర్వాత నేను తీసుకోలేదంటాను."